టైసన్ – డగ్లస్, టోక్యో 1990: ఫుల్ ఫైట్ ఇప్పుడే చూశా, ఇన్నాళ్ళూ మనకి కథ తప్పు చెప్పారా?

నైట్‌డ్యూటీ_నాని:
నిన్న రాత్రి షిఫ్ట్‌లో సర్వర్లన్నీ బుద్ధిగా ఉన్నాయి, ఒక్క టికెట్ రాలేదు, సరే నిద్ర ఆపుకోడానికి ఏదో ఒకటని టైసన్ – బస్టర్ డగ్లస్ ఫైట్, అదే హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ మైక్ టైసన్ మొదటిసారి ఓడిపోయిన ఫైట్, మొదటి రౌండ్ నుంచి పెట్టుకున్నా. ఇన్నేళ్ళూ నేను చూసింది ఆ ఆఖరి అర నిమిషం క్లిప్పే. నా బుర్రలో ఉన్న కథేంటంటే టైసన్ ప్రాక్టీస్ గాలికొదిలేసి వచ్చాడు, అవతలోడు ఎవడో అనామకుడు, గుడ్డిగా ఒకటి తగిలింది, అయిపోయింది.

తీరా చూస్తే మొదటి రౌండ్ నుంచీ డగ్లసే కొడుతున్నాడు! ఒకటి రెండు కాదు, తొమ్మిది రౌండ్లు వరసగా, ఎడమ చెయ్యి చాపుతూనే ఉన్నాడు, టైసన్ లోపలికి వద్దామని చూడటం, మొహాన ఒకటి పడటం, దగ్గరికొస్తే డగ్లస్ పట్టేసుకోవడం. లక్కీ దెబ్బ అని ఎవరన్నారసలు? మీరందరూ ఫుల్ ఫైట్ చూశారా లేక నాలాగే క్లిప్ బ్యాచా?

సుబ్బు_మాస్టారు:
నాని, నేను క్లిప్పు కూడా చూడలేదయ్యా అప్పట్లో. 1990 ఫిబ్రవరి 11, ఆదివారం. టోక్యోలో మధ్యాహ్నం అయితే అమెరికాలో శనివారం రాత్రి, వాళ్ళ టీవీ టైముకి సరిపోయేలా పెట్టుకున్నారు. సరిగ్గా అదే రోజు నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికొచ్చారు. సోమవారం పొద్దున పేపరు విప్పితే మొదటి పేజీ మండేలాదే. మన కుర్రాళ్ళు న్యూజిలాండ్‌లో నేపియర్ టెస్టు ఆడుతున్నారు, సచిన్ 88 దగ్గర అవుటైన మ్యాచ్, నేను దాని కోసమే ఆటల పేజీ తిప్పాను. అక్కడ ఈ వార్త. టైసన్ నాకౌట్ అని చదివి, టైసన్ ఎవరినో నాకౌట్ చేశాడు కామోసు అనుకుని కిందకి వెళ్ళిపోయాను. మళ్ళీ వెనక్కొచ్చి చదవాల్సి వచ్చింది. అప్పట్లో టైసన్ ఓడిపోతాడన్న మాట ఊహకి కూడా వచ్చేది కాదు.

ఇందూరు_పోరడు:
అన్నా ఆగుండ్రి. నేను టైసన్ ఫ్యాన్, ముందే చెప్తున్న. డగ్లస్ మంచిగ కొట్టిండు, కాదనను. కానీ ఎనిమిదో రౌండ్ల టైసన్ అప్పర్‌కట్ (కింది నుంచి గడ్డం మీదికి గుద్దు) కొట్టిండు గదా, డగ్లస్ వెల్లకిల పడ్డడు గదా, మరి ఆ కౌంట్ సంగతేంది? పడ్డోడు పది లెక్కపెట్టే లోపు లేవకుంటే ఓడినట్టే గదా. ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టి చూసిన. ఆయన లేశే వరకు 10 సెకన్లు దాటింది, డౌటే లేదు. అంటే టైసన్ గెలిచినట్టే. టైటిల్ టైసన్‌దే. మీరెన్ని చెప్పినా నేను మారను.

కడప_కారం:
మారనోడివి చర్చకు ఎందుకొచ్చినావ్ సామీ 😀

ఇందూరు_పోరడు:
@కడప_కారం నువ్వు మారుతవేమో అని.

వైజాగ్_సౌత్‌పా:
కౌంట్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఆ లెక్క కింద పడుకుని విన్నోడిని నేను. వైజాగ్‌లో నాలుగేళ్ళు బాక్సింగ్ ఆడాను, పెద్ద పొడిచిందేం లేదు, జిల్లా స్థాయిలోనే ఆగిపోయా. ఒకసారి ఒక కుర్రాడు కడుపులో పక్కగా కొడితే మోకాళ్ళ మీద కూలబడ్డా. అప్పుడు తెలిసిందేంటంటే కింద ఉన్నోడికి గడియారం ఉండదండీ. జనం అరుపులు కూడా ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వినపడతాయి. కనపడేది ఒక్కటే, మొహం ముందు రిఫరీ వేళ్ళు. మా కోచ్ మొదటి రోజునుంచీ ఒకటే నూరిపోశాడు, "తొందరపడి లేవకురా, ఎనిమిది దాకా ఊపిరి తీసుకో" అని. మాకైతే ముందే లేచినా ఎనిమిది లెక్కపెట్టాకే మళ్ళీ ఆడనిస్తారు.

ఇప్పుడు ఆ ఎనిమిదో రౌండ్ మళ్ళీ చూడండి. డగ్లస్ పడగానే గ్లవ్‌తో నేలని గుద్దాడు. ఎవడైనా మైకంలో ఉంటే నేలని గుద్దుతాడా? వాడికి తన మీద తనకి కోపం వచ్చింది, బాగా ఆడుతున్న రౌండ్ చివర్లో అజాగ్రత్తగా ఉన్నానే అని. తర్వాత రిఫరీ వైపే చూస్తూ ఉన్నాడు, తొమ్మిదికి లేచాడు. రిఫరీ లెక్క నెమ్మదిగా ఉంటే అది వాడి తప్పెలా అవుతుంది? రిఫరీ ఏడు అన్నప్పుడు బాక్సరు మనసులో "కాదు నిజానికి పది అయ్యుంటుంది, ఓడిపోయాను" అనుకోవాలా?

నైట్‌డ్యూటీ_నాని:
అసలు ఆ తేడా ఎందుకొచ్చిందన్నా? పదికి పది సెకన్లే కదా, ఇందులో కన్ఫ్యూజన్ ఏముంది?

వైజాగ్_సౌత్‌పా:
మనిషి పడగానే రింగు పక్కన కూర్చున్న టైమ్‌కీపర్ లెక్క మొదలెడతాడు. రిఫరీ ముందు నిలబడ్డ బాక్సరుని న్యూట్రల్ కార్నర్‌కి, అంటే ఇద్దరిలో ఎవరిదీ కాని మూలకి పంపి, వెనక్కి తిరిగి, టైమ్‌కీపర్ ఎంతలో ఉన్నాడో ఆ అంకె దగ్గర అందుకోవాలి. టైమ్‌కీపర్ నాలుగులో ఉంటే ఇతను కూడా నాలుగు అనాలి. ఆ రోజు రిఫరీ ఆక్టావియో మెయ్‌రాన్, మెక్సికో ఆయన, దాన్ని అందుకోకుండా తన ఒకటి తను కొత్తగా మొదలెట్టాడు. తేడా అక్కడ వచ్చింది. తర్వాత ఆయనే పొరపాటయిందని ఒప్పుకున్నాడు కూడా.

కానీ ఇందూరు తమ్ముడూ, నీ స్టాప్‌వాచ్ ఇంకా చేతిలోనే ఉంటే పదో రౌండ్ కూడా కొలువు. టైసన్ పడ్డప్పుడు కూడా అదే రిఫరీ, అదే నత్తనడక. అక్కడా పది సెకన్లు దాటాయి. అయినా లేచి నిలబడలేకపోయాడు.

ఇందూరు_పోరడు:
కొలిచిన. దాటింది. నేనేం మాట్లాడ ఇప్పుడు, అన్నం తినొస్త.

కడప_కారం:
ఒక రౌండ్ అయిపోయింది, బెల్లు కొట్టండప్పా.

నాకు తెలిసిన ముక్క నేనూ చెప్తా. బెట్టింగు లెక్క. లాస్ వెగాస్‌లో చాలా చోట్ల ఈ ఫైటుకు పందేలే తీసుకోలేదు, ఎందుకంటే డగ్లస్ మీద కాసేవాడే లేడు. మిరాజ్ అనే క్యాసినో ఒకటి మాత్రం బోర్డు పెట్టింది, 42కి 1. అంటే డగ్లస్ మీద వంద పెడితే 4200 లాభం. టైసన్ మీద పెడితే చిల్లర కూడా రాదు. అప్పటికి టైసన్ 37 ఆడి 37 గెలిచినాడు, అందులో 33 నాకౌట్లు. వయసు 23. ఛాంపియన్ అయ్యింది 1986 నవంబర్‌లో, 20 ఏళ్ళకే, హెవీవెయిట్‌లో అంత చిన్న వయసులో ఇంకెవరూ కాలేదు. దాని తర్వాత తొమ్మిది సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, ఇది పదోది. మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించినాడు, దీనికి ముందు కార్ల్ విలియమ్స్‌ను 93 సెకన్లలో. మా ఇంట్లో పాలు పొంగేదానికి ఇంతకంటే ఎక్కువ పడుతుంది.

అందుకే ఎవరూ కాయలేదు. నేనున్నా కాసేవాణ్ణి కాదు, అబద్ధం ఎందుకు.

కొలంబస్_కిట్టు:
పేరు చూస్తేనే తెలుస్తుంది కదా, నేనుండేది ఒహాయో కొలంబస్, డగ్లస్ వాళ్ళ ఊరు. నేను వచ్చి పన్నెండేళ్ళయింది, ఇక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందంటే శనివారం ఇండియన్ స్టోర్‌లో గోంగూర దొరకదు. అయినా వాళ్ళలో సగం మందికి ఈ ఊరి మనిషే టైసన్‌ని పడగొట్టాడని తెలీదు. నాకూ ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన చెప్తేనే తెలిసింది. ఆయన చెప్పేటప్పుడు ఫైట్ గురించి కాదు, డగ్లస్ వాళ్ళమ్మ గురించే చెప్పాడు.

వాళ్ళమ్మ పేరు లూలా పెర్ల్. ఫైట్‌కి ముందు చుట్టుపక్కల వాళ్ళందరికీ మా వాడు టైసన్‌ని కొడతాడని చెప్పుకుని తిరిగిందట. సరిగ్గా 23 రోజుల ముందు పోయింది. దినకార్యాలు అయ్యీ అవ్వక టోక్యో విమానం ఎక్కాడు. అప్పటికే భార్యతో విడిపోయి ఉన్నాడు, కొడుకుని కన్న ఆవిడ ఆరోగ్యం బాగా పాడైంది. ఇన్ని ఉంటే మనమైతే సెలవు పెట్టి ఇంట్లో పడుకుంటాం, మేనేజర్ కూడా ఏమనడు.

వాళ్ళ నాన్న బిల్ డగ్లస్ కూడా బాక్సరే, డైనమైట్ అని పిలిచేవాళ్ళు. కొడుక్కి ఆ కసి లేదు అనేది అందరి మాట. 1987లో టోనీ టక్కర్‌తో ఐబీఎఫ్ (ప్రపంచ టైటిల్ బెల్టులిచ్చే సంస్థల్లో ఒకటి) టైటిల్‌కి ఆడినప్పుడు డగ్లస్ బాగానే ఆడుతూ ఆడుతూ పదో రౌండ్‌లో చేతులెత్తేశాడు, అప్పట్నుంచి గట్టి పేరే పడింది, మధ్యలో వదిలేస్తాడని. అదే టక్కర్‌ని తర్వాత టైసన్ ఓడించి మూడు బెల్టులూ ఒకచోట చేర్చుకున్నాడు. కాబట్టి అనామకుడు అన్నది తప్పు నానీ. తెలిసినవాడే, కానీ నమ్మకం లేనివాడు.

సుబ్బు_మాస్టారు:
కిట్టూ, పేపర్లో ఇవేవీ లేవయ్యా. ఏజెన్సీ వార్త, నాలుగు పేరాలు. తల్లి పోయి మూడు వారాలైన మనిషి అన్న ముక్క ఇప్పుడు నీ దగ్గరే వింటున్నాను. తొమ్మిదికి లేవడం నాకిప్పుడు వేరేగా కనిపిస్తోంది.

ఇందూరు_పోరడు:
తినొచ్చిన. కౌంట్ వదిలేస్త, సరే. గానీ టైసన్ తరఫున ఒక్క మాట చెప్పనియ్యుండ్రి, అది సాకు కాదు, నిజం. టైసన్‌ని తయారు చేసింది కస్ డమాటో, ఆయన 1985ల పోయిండు, టైసన్ ఛాంపియన్ అయింది కూడా చూడలే. ఆయన శిష్యుడు కెవిన్ రూనీ ట్రైనర్‌గ ఉండె, ఆయన్ని 1988ల తీసేశిండ్రు. రూనీ ఉన్నప్పుడు టైసన్ తల చూడుండ్రి, ఒక్క దగ్గర నిలవదు, కుడికి ఎడమకి ఊగుడే ఊగుడు, కిందికెళ్ళి వచ్చి కొడుతడు. టోక్యోల? తల స్తంభం లెక్క నిలబెట్టిండు. 83 అంగుళాల రీచ్ (రెండు చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా) ఉన్నోని ముంగట 71 అంగుళాలోడు తల ఊపకుంటే ఏమైతది? స్కూల్ల మనం పట్టుకుపోయిన స్కేలు ఉంటది జూడు, సరిగ్గా 12 అంగుళాలు, అంత తేడా. అంటే ఒక్కో చేతికి దగ్గర దగ్గర అర స్కేలు, డగ్లస్ చెయ్యి తాకేకాడ టైసన్ చెయ్యి తాకది.

టోక్యోలనే ప్రాక్టీసుల గ్రెగ్ పేజ్ చేతుల కింద పడ్డడు. అది పేపర్లల్ల కూడా వచ్చింది. అయినా పక్కనున్నోళ్ళు ఒక్కరు కూడా "భయ్, ఇది మంచిగ లేదు" అనలే. ఆ కార్నర్ల ఉన్నోళ్ళు, అంటే రౌండ్ల మధ్యల బాక్సర్‌ని చూసుకునేటోళ్ళు, సోపతిగాళ్ళు, పని తెలిసినోళ్ళు కాదు. మా నిజామాబాద్‌ల చిన్న పిల్లలకి నేర్పే సార్లు కూడా ఇంతకంటే నయం, ఉత్తగనే నిఖత్ రెండు సార్లు వరల్డ్ ఛాంపియన్ అయిందా.

వైజాగ్_సౌత్‌పా:
అది నూటికి నూరుపాళ్ళు నిజం తమ్ముడూ. ఆ గ్లవ్ సంగతి చూశావా? నాని, నువ్వు గమనించావా? ఐదో రౌండ్ తర్వాత నుంచి టైసన్ ఎడమ కన్ను వాచిపోవడం మొదలైంది.

మామూలుగా ప్రతి కార్నర్‌లోనూ ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది, ఇస్త్రీపెట్టె పిల్లలాగా, పిడి ఉంటుంది, ఐసులో వేసి ఉంచుతారు. రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య నిమిషంలో దాన్ని వాపు మీద ఒత్తి పట్టుకుంటే రక్తం అటూ ఇటూ సర్దుకుని కన్ను మూసుకుపోకుండా ఉంటుంది. మా దగ్గర డబ్బుల్లేక మేం ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు చెంచా వాడేవాళ్ళం, అదీ పనిచేస్తుంది. ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్, ఆ ఒక్క రాత్రికే ఆరు మిలియన్ డాలర్లు తీసుకునేవాడు, ఆయన కార్నర్‌లో ఆ ముక్క లేదు! డాక్టర్లు వేసుకునే రబ్బరు గ్లవ్‌లో చల్లనీళ్ళు పోసి ముడేసి కంటి మీద పెట్టారు. అది నీళ్ళ బుడగ, ఒత్తితే పక్కకి జారిపోతుంది. వీడియోలో ఆ గ్లవ్ వేళ్ళు టైసన్ చెంప మీద ఊగుతూ కనిపిస్తాయి. నాకు ఫైట్ మొత్తంలో అన్నిటికన్నా జాలేసింది అదే.

ఆ కన్ను మూసుకుపోయాక డగ్లస్ కుడి చెయ్యి వచ్చేది టైసన్‌కి కనపడలేదు. అది ఆ వైపే వస్తుంది మరి.

నైట్‌డ్యూటీ_నాని:
చూశానన్నా! నేను అదేదో స్పెషల్ ట్రీట్‌మెంట్ అనుకున్నా. ఛాంపియన్లకి వేరే టెక్నాలజీ ఉంటుందేమో అని 🤦

కడప_కారం:
వాటర్ ప్యాకెట్ టెక్నాలజీ. మా ఊరి జాతరలో కూడా ఉంటుంది, రెండు రూపాయలు.

కొలంబస్_కిట్టు:
😂😂 అన్నా ఆఫీసులో ఉన్నా, నవ్వించకు.

సీరియస్‌గా ఒకటి. అంతసేపు కొట్టినా జడ్జిలు రౌండ్ రౌండ్‌కీ మార్కులేసే కార్డులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. తొమ్మిది రౌండ్లయ్యాక ఒక జడ్జి 88–82 డగ్లస్‌కి ఇచ్చాడు, అది కరెక్ట్. ఇంకొకాయన 86–86 సమానం. మూడో ఆయన 87–86 టైసన్‌కి! పన్నెండు రౌండ్లూ ఆడి ఉంటే ఏమయ్యేదో. టైటిల్ హోల్డర్ మీద గెలవాలంటే వాణ్ణి పడగొట్టాలి, లేదంటే జడ్జీలు ఛాంపియన్ పేరు చూసి మార్కులేస్తారు, అని పాతవాళ్ళు ఊరికే అనరు.

మోడరేటర్_మావయ్య:
థ్రెడ్ బాగా నడుస్తోంది, సంతోషం. ఒక్క మనవి. పైన ఇద్దరు టైసన్ మన తెలుగు హీరో సినిమాలో కనిపించిన సంగతి మొదలెట్టి ఫ్యాన్ వార్‌లోకి దింపారు, ఆ 14 పోస్టులూ తీసేశాను. దానికి సినిమా సెక్షన్ ఉంది, అక్కడ కొట్టుకోండి, అక్కడ కౌంట్ కూడా ఉండదు.

సుబ్బు_మాస్టారు:
మంచి పని. నాకొక సందేహం. పేపర్లో రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది, డగ్లస్ ఛాంపియనా కాదా తేలలేదు అని. మనిషి కింద పడ్డాక తేలకపోవడం ఏమిటని మా స్టాఫ్‌రూమ్‌లో పెద్ద చర్చ. అదేమయింది?

కడప_కారం:
డాన్ కింగ్ మాస్టారూ, డాన్ కింగ్! జుట్టు కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుందే, ఆ ప్రమోటరు. ఫైట్ అయినాక గంటల్లోనే బెల్టులిచ్చే సంస్థలు డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని ప్రెస్ మీట్ పెట్టినాడు, ఎనిమిదో రౌండ్‌లోనే టైసన్ గెలిచేసినాడు, పదో రౌండ్ లెక్కలోకి రాదని. ఆ రెండు సంస్థలూ డగ్లస్‌ను ఛాంపియన్ అనకుండా ఆపేసినాయి. ఐబీఎఫ్ ఒక్కటే వెంటనే ఒప్పుకుంది. లోకమంతా టీవీలో చూసింది కదా, నాలుగు దిక్కులా తిట్లు పడినాయి, కొద్ది రోజులకే తోకముడిచినారు. పంచాయితీలో ఓడిపోయినోడు తీర్పు రాసే కరణాన్ని పిలుచుకున్నట్టుంది యవ్వారం.

ఇందూరు తమ్మీ, నీ వాదన డాన్ కింగ్ వాదనే, చూసుకో ఎవరి పక్కన నిలబడినావో.

ఇందూరు_పోరడు:
గందుకే వదిలేసిన అంటున్న గదా అన్నా 🙏

గానీ ఒక్కటి చెప్త, మీరు నవ్వద్దు. పదో రౌండ్. డగ్లస్ అప్పర్‌కట్‌తోని టైసన్ తల పైకి లేశింది, ఇగ ఎంటనే తల మీద వరసగ నాలుగు పడ్డయి. ప్రొఫెషనల్ ఫైట్ల టైసన్ మొదటిసారి కింద పడుడు. నోట్లెకెళ్ళి మౌత్‌పీస్ బయటపడ్డది. మోకాళ్ళ మీద, చేతుల మీద పాకుకుంట దాన్ని వెతుకుతున్నడు. గ్లవ్స్‌తోని అది దొరకదు గదా, తడుముతున్నడు, తడుముతున్నడు, దొరికింది, నోట్లె పెట్టుకున్నడు, అది కూడా సక్కగ కాదు, ఒక కొస పళ్ళ మధ్యల, మిగిలింది బయట వేలాడుతున్నది. అట్లనే లేసి రిఫరీ మీద పడ్డడు. రిఫరీ పట్టుకున్నడు.

నేను అది చూసినప్పుడల్ల వీడియో ఆపేస్త. పది లెక్కపెడుతుంటే లేవకుండ ముందు ఆ రబ్బరు ముక్క ఎందుకు వెతికిండు అని. అది లేకుంటే మళ్ళ కొట్లాడనియ్యరు. లేసుడు గాదు ఆయన మనసుల ఉన్నది, కొట్లాడుడే. గందుకే ఆయన ఓడినా నేను ఫ్యాన్‌నే.

వైజాగ్_సౌత్‌పా:
ఎవరు నవ్వుతారు తమ్ముడూ. ఇది విన్నాక నాక్కూడా డగ్లస్ నేలని గుద్దడం, టైసన్ నేల మీద వెతకడం రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. ఒకడికి బుర్ర పనిచేస్తోంది, ఒళ్ళు పడింది. ఇంకొకడికి బుర్ర ఎప్పుడో ఆగింది, ఒళ్ళే తనంతట తను పని చేసుకుపోతోంది.

నైట్‌డ్యూటీ_నాని:
ఇంత చెప్పాక మరి డగ్లస్ ఛాంపియన్‌గా ఎన్నాళ్ళున్నాడు? నేను వికీ చూడలేదు, చెప్పేయకండి, చూస్తాను. ఏ ఫైట్ చూడాలి?

కొలంబస్_కిట్టు:
అతని మొదటి టైటిల్ డిఫెన్స్. 1990 అక్టోబర్ 25, ఎవాండర్ హోలీఫీల్డ్‌తో, లాస్ వెగాస్ మిరాజ్‌లో. అవును, 42కి 1 బోర్డు పెట్టిన ఆ మిరాజే. తమాషా ఏంటంటే ఈ హోలీఫీల్డ్ టోక్యోలో రింగు పక్కనే కూర్చుని ఉన్నాడు, తర్వాతి ఫైట్ టైసన్‌తో నాదే కదా అని. ఇంతకంటే చెప్పను, డగ్లస్ పొట్ట మాత్రం గమనించు.

కడప_కారం:
నాని, టీ పెట్టుకుని కూర్చో. పెద్ద గ్లాసు వద్దు.

నైట్‌డ్యూటీ_నాని:
చూశా. మెషీన్ టీ తెచ్చుకుని కూర్చున్నా. టోక్యోలో 231న్నర పౌండ్లు ఉన్న మనిషి ఇక్కడ 246! నిక్కరు మీద నడుము చుట్టూ మడత. ఎడమ చెయ్యి చాపి కొట్టే ఆ జాబ్ ఏది, ఆ కాళ్ళు ఏవి? మూడో రౌండ్‌లో దూరం నుంచి ఒక అప్పర్‌కట్ విసిరాడు, టైసన్‌ని లేపిన అదే అప్పర్‌కట్, ఈసారి గాలికి పోయింది. హోలీఫీల్డ్ కుడి చెయ్యి ఒక్కటే. వెల్లకిలా పడ్డాడు. గ్లవ్‌తో మొహం తుడుచుకుని, గ్లవ్ వైపు చూసుకున్నట్టనిపించింది. లేవలేదు. లేవడానికి ట్రై కూడా చేసినట్టు లేదు.

టీ ఇంకా వేడిగానే ఉంది కడపన్నా.

సుబ్బు_మాస్టారు:
ఆ వార్త కూడా చదివాను నాని. దానికైతే రెండు పేరాలే ఇచ్చారు.

కొలంబస్_కిట్టు:
ఆ ఫైట్‌కి అతనికి వచ్చింది రెండు కోట్ల డాలర్ల పైనే, టోక్యోలో వచ్చింది పదమూడు లక్షలు. తర్వాత బాగా లావైపోయి, షుగర్ ముదిరి, కోమా దాకా వెళ్ళొచ్చాడు. మళ్ళీ తగ్గి 1996లో రింగులోకి వచ్చి కొన్ని ఆడాడు. ఇక్కడ కొలంబస్‌లోనే పిల్లలకి బాక్సింగ్ నేర్పిస్తుంటాడు. మా ఆఫీసు పెద్దాయన మనవడు కూడా కొన్నాళ్ళు వెళ్ళాడట, జాబ్ ఒక్కటే నెలలు నెలలు చేయిస్తున్నాడని విసుగొచ్చి మానేశాడట.

ఇందూరు_పోరడు:
ఆ పోరనికి ఫుల్ ఫైట్ చూపియ్యుండ్రి.